పాత కాలం బిలియర్డ్స్ క్యూ లాంటిది కొత్తగా చేయించుకోవాలంటే: ముందు కొలతలు, ఫొటో తర్వాత

మా మావయ్య సర్వీసంతా ఒక క్లబ్బులో బిలియర్డ్స్ మార్కర్. మార్కర్ అంటే స్కోర్ చెప్పాలి, టేబుల్ బ్రష్ కొట్టాలి, మెంబర్లకి క్యూలు, అంటే ఆడే కర్రలు, అందించాలి, వాళ్ళంతా వెళ్ళిపోయాక లైట్లు ఆర్పే ముందు ఓ పావుగంట తను ఆడుకోవాలి, ఈ చివరిది డ్యూటీలో లేదు గానీ ఆయన ఆట వచ్చింది అక్కడే. రిటైరై ఒడిశాలో మా పర్లాకిమిడి వచ్చేసేటప్పుడు క్లబ్బు వాళ్ళు పారేద్దామనుకున్న ఒక పాత వన్ పీస్ క్యూ, అంటే మధ్యలో జాయింట్ లేనిది, అడిగి తెచ్చుకున్నారు. బట్ చివర, అంటే చేత్తో పట్టుకునే లావు కొస దగ్గర, పదహారున్నర అని ఔన్సుల్లో బరువు అంకె గుద్ది ఉండేది, బ్యాడ్జీ మీద అక్షరాలు అరిగిపోయి ఏ కంపెనీదో తెలిసేది కాదు. నేను చెయ్యి పెట్టడం నేర్చుకున్నది దాంతోనే. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫానొచ్చిన రాత్రి మా పైరేకులు లేచిపోయాయి, మూల నిలబెట్టిన క్యూ తడిసి ముద్దయింది, మేమేమో తెలివిగా తీసుకెళ్ళి డాబా మీద ఎండలో పెట్టాం. విల్లయిపోయింది. ఇంక పనికిరాదు.

అలాంటిదే ఇంకోటి చేయించాలని అప్పుడు పట్టుకుంది పిచ్చి. రెండుసార్లు చేయించాను, మొదటిది దండగ, రెండోది ఇప్పుడు ఆడుతున్నది. ఈ రెంటి మధ్య ఏం నేర్చుకున్నానో రాస్తున్నా, మీలో ఎవరైనా హ్యాండ్‌మేడ్ క్యూ ఆర్డర్ ఇద్దామనుకుంటే పనికొస్తుంది.

మొదటిసారి నేను చేసిన పని ఏటంటే, నెట్‌లో ఒక పాత ఇంగ్లీషు క్యూ ఫొటో చూసి డౌన్‌లోడ్ చేసి ఒకాయనకి పంపాను, "అచ్చం ఇలగే కావాలి, 58 అంగుళాలు, 18 ఔన్సులు" అన్నాను, అడ్వాన్స్ వేశాను. నెలన్నరకి వచ్చింది. చూడ్డానికి ముదురు గోధుమ రంగు, తళతళా వార్నిష్, పాతదానిలాగే ఉంది. కాటా మీద పెడితే కరెక్టుగా 510 గ్రాములు, అంటే 18 ఔన్సులే. టేబుల్ మీదకి వంగి క్యూ కదిపితే మాత్రం ముందు భాగం గాల్లో తేలిపోతోంది, బరువంతా వెనక చేతిలోనే ఉంది. షాఫ్ట్‌కి, అంటే ముందు సన్నటి భాగానికి, తేలిక చెక్క తీసుకుని, తక్కువైన బరువు సరిపెట్టడానికి బట్ చివర కన్నం వేసి సీసం కూరేశాడన్నమాట. తప్పు ఆయనది కాదు అనను గానీ నేను బరువు చెప్పాను, బ్యాలెన్స్ చెప్పలేదు. దానికి తోడు ఆ వార్నిష్, మన వైపు జూన్ ఉక్కపోత సంగతి తెలుసు కదా, బ్రిడ్జి చేతికి, అంటే టేబుల్ మీద క్యూని ఆనించే చేతికి, అతుక్కుపోయి షాట్ షాట్‌కీ చెయ్యి లుంగీకి తుడుచుకోవాల్సి వచ్చేది.

కాబట్టి మొదటి మాట, ఫొటో పంపకండి. పంపినా చివర్లో పంపండి. ముందు మీ చేతికి అలవాటైన క్యూ ఏదో, అది క్లబ్బు రాక్‌లోదైనా సరే, ఫ్రెండ్‌దైనా సరే, దాని కొలతలు తియ్యండి. మా పాత క్యూ వంగిపోయినా కొలతలకి పనికొచ్చింది, వంగిన దానికి కూడా లావు, బరువు మారవు కదా.

కొలతలు ఎలగ తియ్యాలంటే, వెర్నియర్ కాలిపర్ ఒకటి సంపాదించండి, లేత్ షాపులో అడిగితే పది నిమిషాలు ఇస్తారు. టిప్ దగ్గర, అంటే బంతిని కొట్టే కొస దగ్గర, ఎంత, అక్కణ్ణించి అడుగు దూరంలో ఎంత, రెండడుగులకి, మూడడుగులకి, నాలుగడుగులకి, ఆఖర్న బట్ చివర ఎంత, అన్నీ మిల్లీమీటర్లలో రాసుకోండి. షాఫ్ట్ సన్నబడే తీరు అంతా ఈ అంకెల్లోనే ఉంటుంది, మధ్యలో కాస్త లావు ఉంటే క్యూ బిర్రుగా ఉంటుంది, సన్నంగా ఉంటే గట్టి షాట్‌కి ఊగుతుంది. బట్ చివర సాధారణంగా 29 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, చెయ్యి చిన్నదైతే ఓ మిల్లీ తగ్గించమనండి. బరువు కిరాణా కాటా మీద వద్దు, బంగారం కొట్లో తూయించండి, మాది అక్కడ 470 గ్రాములు తూగింది, బట్ మీద గుద్దిన పదహారున్నరకి దగ్గర దగ్గర సరిపోయింది. ఆ షాపాయన "ఇందులో బంగారం ఎక్కడుంది బాబూ" అని నవ్వాడు.

ఇక బ్యాలెన్స్. క్యూని చూపుడు వేలి మీద అడ్డంగా పెట్టి అటూ ఇటూ జరుపుతూ ఎక్కడ నిలబడుతుందో చూడండి, బట్ చివర నుంచి అక్కడికి ఎన్ని అంగుళాలో కొలవండి. 16 నుంచి 18 మధ్య వస్తుంది మామూలుగా. మా పాతది 17 దగ్గర నిలబడేది, ఆ దండగ క్యూ పదిహేనుకి నిలబడింది. రెండు అంగుళాలే తేడా, ఆటంతా పోయింది. ఈ ఒక్క అంకె ఆర్డర్‌లో రాయకపోతే మిగతావన్నీ రాసినా ఉపయోగం లేదు.

పొడవుకి పెద్ద రూల్ ఏమీ లేదు. స్నూకర్ రూల్స్ ప్రకారం క్యూ 3 అడుగులకి తగ్గకూడదు, మామూలుగా అందరూ వాడే క్యూ ఆకారంలోనే ఉండాలి, అంతే. చెప్పులు వేసుకుని నిలబడి క్యూని నిటారుగా పక్కన పెట్టుకుంటే చంకకీ భుజానికీ మధ్యకి రావాలంటారు, అదీ ఒక అంచనాయే. నేను 57 ముప్పావు పెట్టించాను, ఎందుకంటే పాతది అంతే.

ఇప్పుడు ఈ పాతకాలం లుక్కు సంగతి. చాలామంది అనుకునేది ఏటంటే ముదురు రంగు వేస్తే పాతదైపోతుందని. కాదండి. పాత క్యూని పాతదిగా చూపించేది బట్ దగ్గర చెక్కలు కలిసే చోటు, దాన్నే స్ప్లైస్ అంటారు. షాఫ్ట్ యాష్ చెక్కో మేపుల్ చెక్కో, కింద బట్ నల్లటి ఎబొనీ, ఆ నలుపు నాలుగు నాలుకల్లాగా తెల్ల చెక్క పైకి పాకుతుంది చూడండి, అదే. చేత్తో చేసినదైతే ఆ నాలుకల కొసలు గుండ్రంగా ఉంటాయి. మెషిన్ మీద కోసి ఒకదాంట్లో ఒకటి దిగ్గొట్టినవైతే కొసలు సూదిలా ఉంటాయి. ఎందుకలాగో మా మావయ్య వంటింట్లో చూపించారు, ముల్లంగి తీసుకుని చాకుతో ఏటవాలుగా ఒక్క పోటు కోసి "చూడరా, కోసిన చోట కోడిగుడ్డు ఆకారం వచ్చిందా లేదా" అన్నారు. అంతే మరి. చేత్తో చేసేవాళ్ళు షాఫ్ట్ అడుగు భాగాన్ని చిత్రిక పట్టి ఏటవాలుగా చదును చేస్తారు, ఎదురెదురు రెండు వైపులా ఎబొనీ పలకలు అతికించి బిగిస్తారు, ఆరాక మిగతా రెండు వైపులా మళ్ళీ చదును చేసి ఇంకో రెండు పలకలు. ఆ తర్వాత మొత్తం గుండ్రంగా చిత్రిక పడితే చదునైన పలక గుండ్రటి కర్రలో కలిసిన చోట ముల్లంగిలాగే గుండ్రపు కొస తేలుతుంది. నాలుగు కొసలూ ఒకే ఎత్తులో రావాలంటే పనివాడి చెయ్యి తిరిగి ఉండాలి. పాతవాటిల్లో ఒక కొస అటూ ఇటూ ఉండడం నేను చూశాను, నాకైతే అదే బాగుంటుంది, మీకు నచ్చకపోతే ముందే చెప్పండి.

ఈ నాలుగు నాలుకల మీద ముందు వైపు ఇంకో చిన్న స్ప్లైస్ వేయించుకోవచ్చు, మహాగనీతోనో రోజ్‌వుడ్‌తోనో, మధ్యలో పల్చటి రంగు చెక్క పొర పెడితే సన్న గీతలా కనిపిస్తుంది. ఒక్కటి చాలు. నాలుగైదు రంగుల పొరలు పెట్టించారంటే అది పాత క్యూ కాదు, పెళ్ళి పందిరి. రోజ్‌వుడ్ జాతి మొత్తం 2017 నుంచి సైటిస్ అనే, అరుదైన చెట్లూ జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉంది, మడగాస్కర్ ఎబొనీ అంతకు ముందునుంచే ఉంది, కాబట్టి విదేశం నుంచి తెప్పిస్తుంటే ఏ చెక్క వాడారో, పేపర్లున్నాయో లేవో అడగండి.

మనవాళ్ళు కొంతమంది అడుగుతారు, కెందు చెట్టు ఉంది కదా, అదే తునికి, బీడీ ఆకు చెట్టు, దాని నడుమ చెక్క నల్లగానే ఉంటుంది కదా అని. నిజమే, అది ఎబొనీ చుట్టమే. కానీ బాగా ముదిరిన చెట్టులోనే ఆ నలుపు చేవ ఉంటుంది, అడవి చెట్టు కొట్టడానికి తేవడానికి ఫారెస్టోళ్ళ పర్మిట్ కావాలి, పైగా పచ్చి చెక్క ఆరీఆరగానే బీటలిస్తుంది. మా ఊరి వడ్రంగి ఒకాయన "నేనిస్తాను ముక్క" అన్నాడు గానీ నేనే వద్దన్నాను.

షాఫ్ట్ చెక్క దగ్గర మాత్రం టైమ్ పెట్టండి. పాత లుక్ కావాలంటే యాష్ తీసుకోండి, దాంట్లో గీతలు లోతుగా, నల్లగా కనిపిస్తాయి, రెండు వైపులా నిలువు గీతలు, మిగతా రెండు వైపులా బాణం మొనల్లాంటి గుర్తులు వరసగా వస్తాయి. క్యూ పట్టుకున్నప్పుడు ఈ బాణాలు పై వైపుకి రావాలని చాలామందికి పట్టింపు, కన్ను వాటి వెంట పోతుంది కదా. బట్ చివర ఒక వైపు చదునుగా కోసి బ్యాడ్జీ పెడతారు, బాణాల వరస ఆ చదునుకి సూటిగా ఉండాలని చెప్పండి, లేకపోతే క్యూ చేతిలో ఎప్పుడూ మెలి తిరిగినట్టే అనిపిస్తుంది. మేపుల్ అయితే గీతలు దాదాపు కనపడవు, నున్నగా ఉంటుంది, అది కొంతమందికి ఇష్టం. ఏ చెక్కైనా సరే గీతలు బట్ నుంచి టిప్ దాకా నిలువుగా పోవాలి, మధ్యలో పక్కకి జారిపోతే ఆ చోటే రేపు వంగేది. చెక్క కోసి ఎన్నాళ్ళు ఆరబెట్టారో అడగండి. మంచి పనివాళ్ళు షాఫ్ట్‌ని ఒక్కసారే సన్నం చెయ్యరు, కాస్త చిత్రిక పట్టి కొన్ని వారాలు వేలాడదీస్తారు, వంగేదుంటే అప్పుడే వంగిపోతుంది, దాన్ని పక్కన పడేస్తారు. "నెలలో ఇచ్చేస్తా" అన్నవాడి దగ్గర నేను ఇంక చేయించను.

పాత దానిలో కాపీ కొట్టకూడనివి రెండున్నాయి. ఒకటి టిప్ సైజు. పాతవి బిలియర్డ్స్ కోసం చేసినవి ఎక్కువ, టిప్ 10, 11 మిల్లీమీటర్లు కూడా ఉంటుంది. మీరు ఆడేది స్నూకరైతే తొమ్మిదిన్నర పెట్టించుకోండి, దాని కింద ఇత్తడి ఫెరూల్, అంటే కొసకి తొడిగే ఉంగరం లాంటిది. రెండోది పేరు. బరోస్ అండ్ వాట్స్, థర్స్టన్, రైలీ లాంటి పాత ఇంగ్లీషు కంపెనీల బ్యాడ్జీలు నకలు చేసి అతికించి ఇస్తామంటారు కొందరు. వద్దండి. ఇవాళ మీకు ముద్దుగానే ఉంటుంది, రేపు మీ చేతుల్లోంచి ఇంకొకడి చేతికి వెళ్ళినప్పుడు అది మోసం అవుతుంది. మీ ఇంటి పేరో ఊరి పేరో వేయించుకోండి.

ఏనుగు దంతం మాట అసలు ఎత్తకండి. పాత క్యూల్లో దంతం ముక్కలు ఉండొచ్చు, మనకి 1972 వన్యప్రాణి చట్టం ఉంది, కొనడం అమ్మడం నేరం. లఖారీ కొండల వైపు నుంచి ఏనుగులు మన పొలాల మీద పడితే తిట్టుకుంటాం గానీ దంతం మాత్రం వాటి దగ్గరే ఉండనీండి. మనకి అంతకంటే మంచిది ఊళ్ళోనే ఉంది. పర్లాకిమిడి కొమ్ము పని గురించి చెప్పక్కర్లేదు కదా, కొంగలు, దువ్వెనలు, రొయ్యలు చేసే ఆ కొమ్మే. నా బ్యాడ్జీ గేదె కొమ్ముతో చేయించాను.

కొమ్ము పనిచేసే పెద్దాయన దగ్గరకి మావయ్యా నేనూ వెళ్ళాం. ఆయన సగం ఒడియా సగం తెలుగు, మేం మౌసా అని పిలుస్తాం. క్యూ అంటే ఏంటో ఆయనకి తెలీదు, పాత బ్యాడ్జీ గోటితో గీరి చూసి "ఇది కొమ్ము కాదు, సెల్యులాయిడ్" అన్నారు, నిజంగానే పాత క్యూల బ్యాడ్జీలు దంతంలా కనిపించే సెల్యులాయిడ్‌తో చేసినవే చాలా. కొమ్ము ముక్క నిప్పు సెగకి చూపించి మెత్తబడగానే రెండు ఇనప పలకల మధ్య పెట్టి బిగించారు, కాలిన వెంట్రుకల వాసన గదంతా. రెండు మిల్లీల మందం చేసి నాకిచ్చి, "వానాకాలంలో ఇది ఉబ్బుతాది బాబూ, ఎండాకాలంలో ముడుసుకుంటాది, సెక్కలో బిగించి కూర్చోబెట్టీకండి, కొంచెం జాగా వదలమను" అన్నారు. నేను ఆ మాటే వీడియో తీసి క్యూ చేసే ఆయనకి పంపాను. ఆయన పలక చుట్టూ వెంట్రుక వాసి వదిలి అరల్డైట్‌తో కూర్చోబెట్టాడు. రెండు వానాకాలాలు అయ్యాయి, అంచు లేవలేదు.

ఆర్డర్ మెసేజ్ ఎలగ రాయాలో చాలామంది అడుగుతారు, నేను రెండో ఆయనకి పంపింది ఇంచుమించు ఇది, నాది హిందీలో ఉంది, తెలుగులో పెడుతున్నా:

"భాయ్‌సాబ్, వన్ పీస్ క్యూ కావాలి. యాష్ షాఫ్ట్, పొడవు 57 ముప్పావు అంగుళాలు. బరువు 17 ఔన్సులు, అర ఔన్సు ఎక్కువైనా ఫర్లేదు, తక్కువ వద్దు. బ్యాలెన్స్ బట్ నుంచి 17 అంగుళాల దగ్గర, ఇది ముఖ్యం, బరువుకీ దీనికీ పోటీ వస్తే బ్యాలెన్స్‌నే పట్టుకోండి. టిప్ తొమ్మిదిన్నర, ఇత్తడి ఫెరూల్. నాలుగు నాలుకల ఎబొనీ స్ప్లైస్ చేత్తో, ముందు ఒక మహాగనీ స్ప్లైస్. వార్నిష్ వద్దు, అవిసె నూనె మాత్రమే. బట్ చివర పొడిగింపు ముక్క తగిలించే జాయింట్ కన్నం వద్దు. బ్యాడ్జీ నేను పంపుతాను. ప్రతి అడుగుకీ లావు కొలతలు కింద రాశాను."

ఇంకోటి, పని మధ్యలో ఫొటోలు అడగండి. షాఫ్ట్‌కి తీసుకున్న చెక్కలు రెండు మూడు పక్కపక్కన పెట్టి ఒకటి, అడుగు భాగం చదును చేసి పలకలు అతికించక ముందు ఒకటి, ఎందుకంటే అతికించేశాక లోపల ఏం చేశాడో ఎవరికీ కనపడదు. ఆఖర్న కాటా మీద ఒకటి, వేలి మీద బ్యాలెన్స్ చేసి పక్కన టేప్ పెట్టి ఒకటి. డబ్బులు కూడా అలగే మూడు ముక్కలుగా ఇచ్చాను, చెక్క ఓకే అనుకున్నాక కొంత, స్ప్లైస్ ఫొటో చూశాక కొంత, ఆఖరి ఫొటో చూశాక మిగతాది. పనివాడు మంచివాడైతే దీనికేం అనుకోడు. అనుకున్నాడంటే అప్పుడే తెలిసిపోయింది కదా.

వన్ పీస్ కావాలా జాయింటా అన్నది మీ ప్రయాణాల్ని బట్టి. పాత లుక్ అంటే వన్ పీసే, కానీ దాన్ని పర్లా నుంచి బరంపురం బస్సులో పట్టుకెళ్ళడం అంటే ప్రతి కండక్టరూ అదేంటని అడుగుతాడు. వారానికి నాలుగు సార్లు ఊళ్ళు తిరిగే వాళ్ళు త్రీ క్వార్టర్ జాయింట్, అంటే బట్ దగ్గర విప్పదీసుకునేది, తీసుకోండి, సిగ్గేం లేదు.

పార్సిల్ గురించి. స్నూకర్ ఆటగాడు స్టీఫెన్ హెండ్రీ ఏడు వరల్డ్ టైటిళ్ళు గెలిచిన క్యూ, 40 పౌండ్ల ఖరీదు చేసే మామూలు క్యూ, 2003లో విమాన ప్రయాణంలో విరిగిపోయింది. ఆయనకే అలగైతే మన కొరియర్ సంగతి చెప్పాలా. ప్లంబింగ్ షాపులో దొరికే రెండున్నర అంగుళాల పీవీసీ పైపు, రెండు వైపులా క్యాప్, లోపల క్యూకి పాత బనీను గుడ్డ చుట్టి కదలకుండా. నా క్యూ అలగే వచ్చింది, పైపు మీద మాత్రం రెండు సొట్టలున్నాయి.

వచ్చిన రోజే ఆడకండి. గది మధ్యలో, గోడకి ఆనించకుండా, చదునుగా పరుపు మీద రెండు మూడు రోజులు ఉంచండి, మన గాలికి అలవాటు పడనివ్వండి. వంకర చూడ్డానికి టేబుల్ మీద దొర్లించి చూడకండి, బట్‌కి చదును ఉంటుంది కదా, సాఫుగా ఉన్నది కూడా గెంతుతుంది. బట్ కంటి దగ్గర పెట్టుకుని వెలుతురు వైపుకి చూస్తూ మెల్లగా తిప్పండి, షాఫ్ట్ అంచు గీతలా కనిపించాలి. తర్వాత షాఫ్ట్ మధ్యలో వదులుగా పట్టుకుని బట్‌ని పిడికిలితో ఒకటి కొట్టండి, లోపల గలగల లాంటి చప్పుడు వస్తే సీసం వదులైందో అతుకు వదిలిందో.

నూనె ఆరు నెలలకోసారి చాలు. అవిసె నూనె రెండు చుక్కలు గుడ్డ మీద వేసి పల్చగా రుద్ది వెంటనే పొడి గుడ్డతో గట్టిగా తుడిచెయ్యండి, జిడ్డు మిగలకూడదు. ఆ గుడ్డని మాత్రం ఉండ చుట్టి మూల పడెయ్యకండి, అవిసె నూనె గుడ్డ దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది, నిజం. పరిచి ఆరెయ్యండి, లేదంటే నీళ్ళలో నానబెట్టి పారెయ్యండి.

కొత్త క్యూ వచ్చిన రోజు మావయ్య కళ్ళద్దాలు పెట్టుకుని వాకిట్లో కూర్చుని ఒక కన్ను మూసి పది నిమిషాలు తిప్పి తిప్పి చూశారు. వేలి మీద నిలబెట్టారు. కొమ్ము పలక బొటనవేలితో రుద్దారు. "ఎలగుంది మావయ్యా" అంటే "ఇది జనవరి అల్లుడూ, ఇప్పుడు అన్ని కర్రలూ తిన్నగానే ఉంటాయి, శ్రావణంలో చెప్తాను" అన్నారు. శ్రావణం వచ్చింది, వానలో గొడుగేసుకుని మా ఇంటికొచ్చి, కాఫీ కూడా తాగకుండా క్యూ తియ్యమని కంటికి పెట్టుకున్నారు. ఏమీ అనలేదు. చాక్ ఎక్కడుంది అని అడిగారు.